బలం – పని – శక్తి : మన బియ్యం బస్తా నేర్పిన పాఠం

తమ్ముళ్లారా!

వార్షికోత్సవ సంచికకు తరగతికొక వ్యాసం రాయాలని వార్డెన్ గారు చెప్పగానే పదో తరగతి వాళ్లమందరం స్టడీ అవర్లో కూర్చుని ఆలోచించాము. కొందరు కథ అన్నారు, కొందరు కవిత అన్నారు. చివరకు, తొమ్మిదో తరగతిలో మమ్మల్ని అందరికంటే ఎక్కువగా తికమక పెట్టిన పాఠం గురించి రాద్దామని నిర్ణయించుకున్నాము. ఆ పాఠం పేరు "పని – శక్తి". సూత్రాలు బట్టీ పట్టాము, మార్కులు కూడా తెచ్చుకున్నాము. కానీ చాలా రోజుల వరకు అందులో చెప్పిందేమిటో మాకు తెలియదు. ఆ అవస్థ మీకు రాకూడదనే ఈ ప్రయత్నం.

మాలో కొందరం గుడివాడ చుట్టుపక్కల పల్లెల వాళ్లం. కొందరం బందరు వైపు నుంచి, మరికొందరం దివిసీమ నుంచి వచ్చాము. కాబట్టి ఉదాహరణలన్నీ మన ఊళ్లవే ఇస్తున్నాము.

మాలో ఒకడు అడిగిన ప్రశ్న

మన హాస్టలుకు బియ్యం లోడు వచ్చినప్పుడు మీరు చూసే ఉంటారు. హమాలీ అన్నలు 50 కిలోల బస్తాను భుజానికెత్తుకుని స్టోరు గదిలోకి తీసుకెళ్లి అట్టీ వేస్తారు. ఒకరోజు క్లాసులో మాస్టారు పని గురించి చెబుతూ, "బస్తా నెత్తిన పెట్టుకుని కదలకుండా అరగంట నిలబడ్డ మనిషి, బస్తా మీద చేసిన పని సున్నా" అన్నారు. వెంటనే మా వాడొకడు లేచి, "సార్! పని సున్నా అయితే కూలి కూడా సున్నానా?" అని అడిగాడు.

క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. మాస్టారు కూడా నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగావురా, కూర్చో. పాఠం మొత్తం అయ్యాక దీనికి నువ్వే జవాబు చెబుతావు" అన్నారు. 'పని దొరికితేనే పూట గడుస్తుంది' అనే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. పని అనే మాటకు మన ఇంట్లో ఒక అర్థం ఉంది, పుస్తకంలో ఇంకొక అర్థం ఉంది. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లనే పాఠం బోధపడదు. ఇక విషయంలోకి వద్దాము.

బలం అంటే ఏమిటి?

ఒక వస్తువును తోయడం గానీ లాగడం గానీ బలం. నిలకడగా ఉన్నదాన్ని కదిలించడానికి, కదులుతున్నదాన్ని ఆపడానికి, దాని దిశ మార్చడానికి బలం కావాలి. గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాము. డ్రైవరు ఒక్కసారి బ్రేకు వేశాడు. మనం ముందుకు తూలాము. ఎవరూ మనల్ని ముందుకు తోయలేదు. బస్సును బ్రేకు ఆపింది, మన శరీరం మాత్రం అదే వేగంతో పోవాలని చూసింది. దీన్నే జడత్వం అంటారు.

బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. ఒక కిలోగ్రాము ద్రవ్యరాశి గల వస్తువు వేగాన్ని ప్రతి సెకనుకు సెకనుకు ఒక మీటరు చొప్పున పెంచే బలమే 1 న్యూటన్. ఇలా చెబితే కళ్లకు కట్టదు. సుమారు వంద గ్రాముల జామకాయను అరచేతిలో పెట్టుకోండి. అది మీ చేతిని కిందికి నొక్కే బలం దాదాపు 1 న్యూటన్. భూమి ప్రతి కిలోగ్రామునూ 9.8 న్యూటన్ల బలంతో తన వైపు లాక్కుంటుంది. కాబట్టి 50 కిలోల బస్తా భారం 50 × 9.8 = 490 న్యూటన్లు.

బలం వేసినంత మాత్రాన వస్తువు కదలాలని లేదు. వర్షాకాలంలో దివిసీమ నల్లరేగడి బురదలో ట్రాక్టరు దిగబడితే పదిమంది తోసినా ఒక్కోసారి కదలదు. బలం ఉంది, కదలిక లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

పని అంటే ఏమిటి?

భౌతికశాస్త్రంలో పని జరగాలంటే రెండు ఉండాలి. ఒకటి బలం. రెండు, ఆ బలం పనిచేసే దిశలో కదలిక. ఆ కదలికనే స్థానభ్రంశం అంటారు.

పని = బలం × బలం దిశలో స్థానభ్రంశం

ఒక న్యూటన్ బలంతో వస్తువు ఆ దిశలోనే ఒక మీటరు కదిలితే జరిగిన పని 1 జౌలు. ఇప్పుడు మన బస్తా దగ్గరకు వద్దాము.

(1) బస్తాను నేల మీద నుంచి భుజం వరకు, అంటే 1.5 మీటర్లు ఎత్తడం : బలం పైకి, కదలిక కూడా పైకి. పని = 490 × 1.5 = 735 జౌళ్లు.

(2) బస్తా భుజాన పెట్టుకుని నిలబడటం : బలం 490 న్యూటన్లు ఉంది. కదలిక లేదు. బస్తా మీద జరిగిన పని సున్నా.

(3) బస్తాతో చదును నేల మీద ఒకే వేగంతో నడవడం : భుజం బస్తాను పైకి మోస్తోంది, కదలిక మాత్రం ముందుకు ఉంది. పైకి ఉన్న బలం దిశలో బస్తా అంగుళం కూడా జరగలేదు. కాబట్టి ఆ బలం చేసిన పని సున్నా. బందరు దగ్గర గిలకలదిండి హార్బరులో చేపల గంపలు నెత్తిన పెట్టుకుని నడిచే అమ్మల విషయంలోనూ లెక్క ఇదే.

(4) బస్తాను నెమ్మదిగా కిందికి దించడం : చేతుల బలం పైకి, కదలిక కిందికి. రెండూ ఎదురెదురు దిశలు. దీన్ని ఋణాత్మక పని అంటారు.

పరీక్షల్లో ఎక్కువ మంది తప్పు రాసేది రెండు, మూడు సందర్భాల్లోనే. "అంత బరువు మోస్తుంటే సున్నా ఎలా అవుతుంది?" అని మనసు ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. దాని సంగతి శక్తి గురించి చెప్పాక చూద్దాము.

శక్తి అంటే ఏమిటి?

పని చేయగలిగే స్తోమతే శక్తి. దీన్ని కూడా జౌళ్లలోనే కొలుస్తారు. యాంత్రిక శక్తి రెండు రకాలు.

స్థితిజ శక్తి : వస్తువు ఉన్న స్థితి వల్ల, ముఖ్యంగా ఎత్తు వల్ల, దానిలో దాగి ఉండే శక్తి ఇది. బస్తాను ఎత్తడానికి హమాలీ అన్న ఖర్చు పెట్టిన 735 జౌళ్లు ఎక్కడికీ పోలేదు, ఆ ఎత్తులో దాగి ఉన్నాయి. హాస్టలు డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకు 8 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, నిండు ట్యాంకులో దాగిన శక్తి 1000 × 9.8 × 8 = 78,400 జౌళ్లు. కుళాయి తిప్పితే నీళ్లు దూకేది అందుకే.

మన పొలాలకు నీరు వచ్చేదీ ఇలాగే. విజయవాడ దగ్గర కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. తర్వాత దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది, అది 1957లో ప్రారంభమైంది. అక్కడ నిలిపిన నీరు సముద్రం కంటే ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తే దాన్ని కాలువల గుండా బందరు దాకా నడిపిస్తుంది. పులిగడ్డ దగ్గర నది పాయ మీదుగా అక్విడక్టు దాటించి దివిసీమకు చేర్చేదీ ఆ వాలే. పొలం కాలువ కంటే ఎత్తున ఉన్న రైతు మాత్రం ఇంజను పెట్టుకోవాలి. ఎత్తు ఉచితంగా ఇచ్చిన శక్తిని అతడు డీజిలు పోసి కొనుక్కోవాలి.

గతిజ శక్తి : కదలిక వల్ల కలిగే శక్తి.

గతిజ శక్తి = 1/2 × ద్రవ్యరాశి × వేగం × వేగం

ఈ సూత్రంలో వేగం రెండుసార్లు ఉంది. ఇది చాలా ముఖ్యం. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు అవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మోటారు సైకిలు బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుందో, అదే బ్రేకుతో 60 కిలోమీటర్ల వేగంలో దానికి నాలుగు రెట్ల దూరం కావాలి. "కొంచెమే కదా స్పీడు పెంచింది" అనుకునేవాళ్లు మరచిపోయేది ఈ రెండో వేగాన్నే.

శక్తి పుట్టదు, నశించదు. ఒక రూపం నుంచి ఇంకొక రూపంలోకి మారుతుంది. దీన్నే శక్తి నిత్యత్వ నియమం అంటారు. ఇంగ్లండుకు చెందిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (1818–1889) దారానికి కట్టిన బరువులు కిందికి దిగుతూ నీళ్లలోని తెడ్లను తిప్పేలా ఒక పరికరం చేశాడు. తెడ్లు తిరిగే కొద్దీ నీళ్లు కొంచెం వేడెక్కాయి. పని వేడిగా మారుతుందనీ, ఎంత పనికి ఎంత వేడో లెక్క ఉందనీ ఆయన చూపించాడు. అందుకే ఆయన పేరే ప్రమాణానికి పెట్టారు.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు జవాబు

బస్తా మోస్తూ నిలబడిన మనిషికి చెమట ఎందుకు పడుతుంది? మన కండరం గూటం లాంటిది కాదు. గూటం మీద బస్తా పెడితే ఏ తిండీ లేకుండా ఏడాదైనా మోస్తుంది. కండరంలో సన్నని పోగులు బిగుస్తూ, సడలుతూ, మళ్లీ బిగుస్తూ ఉంటేనే బరువు నిలుస్తుంది. బయటికి కదలిక కనిపించదు గానీ లోపల క్షణం తీరిక ఉండదు. తిన్న అన్నంలోని రసాయనిక శక్తి అక్కడ ఖర్చయి వేడిగా మారుతుంది. ఒళ్లు కాగేది, చెమట పట్టేది అందుకే.

ఎత్తేటప్పుడు కూడా, కండరంలో ఖర్చయిన శక్తిలో నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలింది వేడి. అంటే బస్తాకు చేరిన 735 జౌళ్ల కోసం శరీరం దాదాపు 3,000 జౌళ్లు ఖర్చు పెట్టింది.

కాబట్టి పుస్తకం చెప్పిన సున్నా "బస్తాకు చేరిన శక్తి సున్నా" అని మాత్రమే. "మనిషి పడిన శ్రమ సున్నా" అని కాదు. జౌలు బస్తా లెక్క చెబుతుంది, మనిషి లెక్క చెప్పదు. కూలి ఇచ్చేది మనిషి వెచ్చించిన శక్తికీ, కాలానికీ, నేర్పుకూ. మాస్టారు అన్నట్లే ఈ జవాబు మా వాడే లేచి చెప్పాడు. దసరా సెలవుల్లో ఇంటికెళ్లి వాళ్ల నాన్నకు కూడా చెప్పాడట. ఆయన అంతా విని, "ఆ లోపలి లెక్క రాత్రి పడుకునేటప్పుడు నా నడుముకు తెలుస్తదిలే" అన్నాడట.

నడక వేగంతో వచ్చిన నీరు

ఈ పాఠం మనకు మార్కుల కోసమే కాదు. మాలో ఒకరి తాతయ్యది నాగాయలంక వైపు పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆయనకు పన్నెండేళ్లు. ఆ తుపానులో దాదాపు పది వేల మంది చనిపోయారు. సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆయన తాటిచెట్టును కౌగిలించుకుని బతికారు. ఆయన ఎప్పుడూ ఒక మాట అంటారు: "గాలికి మా ఇంటి కప్పు లేచిపోయింది గానీ గోడలు నిలబడ్డాయిరా. నీళ్లు వచ్చాకే గోడలు పోయాయి. చూస్తే నీళ్లు గాలంత వేగంగా ఏం రాలేదు."

గంటకు 200 కిలోమీటర్ల గాలికి ఆగిన గోడ, అంతకంటే ఎంతో నెమ్మదిగా వచ్చిన నీటికి ఎందుకు కూలింది? లెక్క చేసి చూద్దాము.

ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 కిలోలు. గంటకు 200 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 55.6 మీటర్లు. దాని గతిజ శక్తి 1/2 × 1.2 × 55.6 × 55.6, అంటే సుమారు 1,850 జౌళ్లు. ఆ గాలి ఎదురుగా ఉన్న గోడను ప్రతి చదరపు మీటరుకు సుమారు 1,850 న్యూటన్ల బలంతో నెడుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు మీద పడే బలం 3,700 న్యూటన్లు. ఏడున్నర బియ్యం బస్తాల బరువు ఒక్కసారి తలుపు మీద వాలినట్లే. అదే 50 కిలోమీటర్ల గాలి అయితే బలం ఇందులో పదహారో వంతే. వేగం రెండుసార్లు లెక్కలోకి వస్తుందని చెప్పుకున్నాం కదా!

ఇప్పుడు నీరు. ఒక ఘనపు మీటరు నీటి ద్రవ్యరాశి 1000 కిలోలు. అది సెకనుకు 2 మీటర్ల వేగంతో, అనగా వడివడిగా నడిచే మనిషి వేగంతో వచ్చిందనుకుందాము. గతిజ శక్తి 1/2 × 1000 × 2 × 2 = 2,000 జౌళ్లు. గంటకు 200 కిలోమీటర్ల తుపాను గాలి కంటే ఎక్కువ! సెకనుకు 3 మీటర్లయితే 4,500 జౌళ్లు. గాలికి దాదాపు రెండున్నర రెట్లు. దీనికి తోడు నీరు మట్టి గోడను నానబెడుతుంది, వస్తువులను తేల్చి ఎత్తుతుంది, కొట్టుకొచ్చిన దుంగలతో పొడుస్తుంది. తాతయ్య చూసింది నిజమే. వేగం తక్కువ, ద్రవ్యరాశి చాలా ఎక్కువ.

మరి తాటిచెట్టు ఎలా నిలిచింది? బలం తగిలే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. గోడ వెడల్పుగా అడ్డం నిలబడుతుంది. తాటి మాను సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి నీరు రెండు పక్కలకూ జారిపోతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవులు కూడా ఇలాంటి మేలే చేస్తాయి. వేలకొద్దీ వేళ్లూ కొమ్మలూ అలను ముక్కలు చేసి దాని శక్తిని కొంచెం కొంచెంగా తినేస్తాయి.

తుపానుకు అంత శక్తి ఎక్కడిదని అడగవచ్చు. వేడెక్కిన సముద్రం నుంచి లేచిన ఆవిరి పైన చల్లబడి నీటి బిందువులయ్యేటప్పుడు వేడి బయటపడుతుంది. ఆ ఉష్ణశక్తే గాలి గతిజ శక్తిగా మారుతుంది. నేల మీదికి వచ్చాక ఆవిరి అందదు, ఘర్షణ పెరుగుతుంది. తుపాను నీరసిస్తుంది. శక్తి నిత్యత్వ నియమం ఇక్కడా తప్పలేదు.

దీని వల్ల మనం నేర్చుకోవలసింది ఒక్కటే. గాలికి తట్టుకున్న ఇల్లు నీటికీ తట్టుకుంటుందని నమ్మకూడదు. ఉప్పెన హెచ్చరిక వస్తే తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చోకుండా, ఎత్తుగా కట్టిన తుపాను షెల్టరుకు ముందుగానే చేరాలి. 1990 మే 9న మచిలీపట్నానికి దక్షిణంగా మరొక పెను తుపాను తీరం దాటింది. అప్పటికి హెచ్చరికలు మెరుగుపడ్డాయి. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. అదీ పెద్ద నష్టమే, కానీ 1977తో పోల్చి చూడండి. ఈ రోజు మచిలీపట్నంలో వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడారు కూడా ఉంది. హెచ్చరిక ఇవ్వడం వారి వంతు, నమ్మి కదలడం మన వంతు.

సామర్థ్యం, కరెంటు యూనిట్

పని ఎంత అన్నది ఒక లెక్క, ఎంత సేపట్లో అన్నది ఇంకొక లెక్క. ఒక అన్న 20 బస్తాలు అరగంటలో ఎత్తాడు, ఇంకొక అన్న గంటలో ఎత్తాడు. ఇద్దరి పనీ సమానమే: 14,700 జౌళ్లు. మొదటి వారి సామర్థ్యం రెండింతలు. సెకనుకు ఒక జౌలు పని చేస్తే 1 వాట్. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు.

మన మీటరులో తిరిగే ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు ఒక గంట పాటు, అనగా 36 లక్షల జౌళ్లు. దీన్ని 735తో భాగించండి. దాదాపు 4,900 సార్లు బస్తాను భుజానికెత్తిన పని! 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటల ఇరవై నిమిషాలు తిరిగితే ఒక యూనిట్ అయిపోతుంది. స్కూలుకు వెళ్తూ ఖాళీ గదిలో ఫ్యాను వదిలేసే తమ్ముళ్లు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

1. బలం ఉన్నా, ఆ దిశలో కదలిక లేకపోతే పని సున్నా.
2. పనికీ శక్తికీ ప్రమాణం జౌలు. బలానికి న్యూటన్. సామర్థ్యానికి వాట్.
3. వేగం రెండింతలైతే గతిజ శక్తి నాలుగింతలు.
4. శక్తి రూపం మారుతుందే గానీ నశించదు.

మీరే చేసి చూడండి

1. 15 కిలోల నీళ్ల బకెట్టును 6 మీటర్ల లోతు బావిలో నుంచి చేదితే ఎంత పని?
2. అదే బకెట్టుతో చదును బాట మీద ఒకే వేగంతో 100 మీటర్లు నడిస్తే, పైకి మోసే బలం చేసిన పని ఎంత?
3. గాలి వేగం గంటకు 60 నుంచి 180 కిలోమీటర్లకు పెరిగితే గోడ మీది బలం ఎన్ని రెట్లు అవుతుంది?

(జవాబులు : 1. 882 జౌళ్లు 2. సున్నా 3. తొమ్మిది రెట్లు)

తమ్ముళ్లారా! వచ్చే ఏడాది ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మేము ఈ హాస్టలులో ఉండము. మా మంచాల మీద మీరుంటారు. పుస్తకంలో ఏ మాటైనా మీ ఇంటి అనుభవానికి ఎదురుగా కనిపిస్తే సిగ్గుపడకుండా లేచి అడగండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. మా వాడు ఆ రోజు లేచి అడగకపోయి ఉంటే మాకెవ్వరికీ ఈ పాఠం అర్థమయ్యేది కాదు.

– ఇట్లు మీ అన్నలు, పదో తరగతి విద్యార్థులు